నాలుగు వేళ్ల ఎత్తున సూర్యుడు

ఈపాటికి దీవి కనిపించాలి. ఎటు చూసినా పసిఫిక్ నీళ్లే.

జే ప్రోక్నో అమెరికా నౌకాదళంలో విమానాలు నడిపి రిటైరైనవాడు. పొలాల మీద పురుగుమందు చల్లే సెస్నా 188 ఒకటి ఆస్ట్రేలియాలో అప్పగించాలి. ఒకే సీటు, ఒకే ఇంజను. అదనంగా నింపుకున్నదంతా కలిపి 22 గంటల ఇంధనం. దారిలో పాగో పాగో నుంచి నార్ఫోక్ దీవికి సుమారు 2,700 కిలోమీటర్లు. కాగితం మీద మిగులు బాగానే ఉంది. కానీ దీవి పొడవు 8 కిలోమీటర్లే. దాని రేడియో సంకేతం పట్టి దారి చూపాల్సిన ముల్లు చెడిపోయింది. దిక్కే తెలియనివాడు మిగిలిన పెట్రోలు ఎటు ఖర్చుపెట్టాలి?

పోనీ, నీళ్ల మీద దించేద్దామా అంటే సెస్నా 188 చక్రాలు లోపలికి ముడుచుకోవు. నీటిని తాకగానే అవి దిగబడి విమానం పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. చీకటి పడితే అల ఎంత ఎత్తుందో కూడా తెలియదు.

అది 1978 డిసెంబరు 22. ప్రోక్నో గోడు ఆక్లాండ్‌కు చేరింది. అక్కడి రాడార్‌కు అతను అందడు. ఆ దాపుల్లో ఉన్నది ఎయిర్ న్యూజీలాండ్ డీసీ-10. ఫిజీ నుంచి ఆక్లాండ్‌కు 88 మంది ప్రయాణికులతో వెళ్తోంది. కెప్టెన్ గోర్డన్ వెట్‌కు నేవిగేటర్ లైసెన్సు కూడా ఉండటం ప్రోక్నో అదృష్టం.

వెట్ అడిగింది వింటే వింతగా ఉంటుంది. విమానాన్ని సూర్యుడి వైపు తిప్పి, చెయ్యి బారుగా చాచి, క్షితిజానికీ సూర్యుడికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడమన్నాడు. ప్రోక్నోకు నాలుగు పట్టాయి. డీసీ-10 నుంచి చూస్తే రెండే. చాచిన చేతి వేలు సుమారు రెండు డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్లు. అంటే సెస్నా 400 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, పడమటి వైపు ఉంది. డీసీ-10 అటు మళ్లింది. తక్కువ దూరమే అందే రేడియోలో ప్రోక్నో గొంతు ఎక్కడ వినబడుతోందో, ఎక్కడ తెగిపోతోందో గుర్తుపెట్టుకుంటూ వెట్ వలయం బిగించాడు. ప్రోక్నోకు సూర్యుడు మునిగిన క్షణాన్ని నార్ఫోక్ సూర్యాస్తమయంతో పోల్చాడు. దీవికి అతను ఇంకా తూర్పునే ఉన్నాడని తేలింది.

చీకట్లో ప్రోక్నోకు ఒక వెలుగు కనిపించింది. లాక్కెళ్తున్న చమురు రిగ్గు, పెన్‌రాడ్. అది తానెక్కడుందో చెప్పాక నార్ఫోక్ ఎటో, ఎంత దూరమో లెక్క తేలిపోయింది.

చక్రాలు రన్‌వేను తాకేసరికి గాల్లో గడిపింది 23 గంటల 5 నిమిషాలు. ఇంధన లెక్క 22 గంటలకే కదా అంటారా? ఇంజనుకు పెట్రోలు పలచగా అందిస్తూ నెమ్మదిగా నడిపితే అంచనాకు మించి సాగుతుంది. అయినా ఆ అదనపు గంటను ముందే లెక్కలో వేసుకుని బయల్దేరే పైలట్ పక్కన నేనైతే కూర్చోను. సెస్నా 188లో ఎలాగూ ఆ సీటు లేదనుకోండి.