ప్రసార పాఠం - పాఠ్యపథకం

తరగతిలో టీవీ పాఠం ఈ మధ్య వచ్చిందనుకుంటున్నారా? 1975 ఆగస్టు 1న మొదలైన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్) ఏడాదిపాటు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల కోసం సాగింది. ఉదయంపూట బడిపిల్లలకు తెలుగులో దాదాపు 22 నిమిషాల కార్యక్రమం వచ్చేది. ఇక్కడ ఒకటి గమనించండి. ప్రసారం ఎవరికోసమూ ఆగదు; అర్థంకాని చోటుకు వెనక్కి రాదు. అందువల్ల ప్రసారానికి ముందు పరిచయం, తర్వాత ప్రశ్నలు ఉపాధ్యాయుని పాఠ్యపథకంలో ఉండితీరాలి. అవి లేకుంటే పిల్లలకు అది వినోదమే!

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా డిజిటల్ తరగతులు మొదలైనప్పుడు ఈ చిక్కు ఇళ్లకు చేరింది. సూర్యాపేట జిల్లా మోతె వంటి గ్రామీణ మండలాల్లో పాఠ్యపథకం రాయడానికి ముందే ఏ పిల్లల ఇంట్లో టీవీ ఉందో, ఎవరింట్లో లేదో ఉపాధ్యాయులు తెలుసుకోవలసి వచ్చింది.