ఇత్తుల బుట్ట

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. పొగ కండ్లల్ల పడుతుందని మూతులు తిప్పుతున్నరు గని, మా ఇత్తనం బతికిందే ఈ పొగల. పొయ్యి మీద దూలానికి జొన్న కంకులు జోడు కట్టి ఏలాడదీసెటోళ్లం. మళ్ల మిరుగం కార్తె దాక ఆడనే. నల్లగయ్యేటివి గని పురుగు ముట్టకపోతుండె.

అగో, మన పట్నం పిల్ల నవ్వుతుంది. పర్మాకల్చర్ క్లాసుకు పోతున్నదట, పైసలు కట్టి. పంటలు కలిపి ఏసుడు, మట్టిని ఎండకు ఒదిలెయ్యకుండ కప్పుడు, వాన నీళ్లను ఉరకనియ్యకుండ ఆపుడు, గివన్ని నేర్పుతరట. మంచిదే. మాకన్ని ముందే తెలుసని నేను గొప్పలు చెప్ప. కొన్ని తెలుసు, కొన్ని తెల్వది. తెలిసినయి మా చేతులకెల్లి ఎట్ల పోయినయో గది చెప్త, ఇనండ్రి.

మన జహీరాబాద్ చుట్టుపక్కల రెండు తీర్ల భూములు. న్యాల్‌కల్, రాయికోడ్ దిక్కు నల్లరేగడి. కోహీర్ దిక్కు ఎర్రనేల. మన అసుంటి ఇండ్లకు రేగడి ఏడ దొరుకుతుండె? సర్కారు పట్టాలిచ్చిందంటే మొరం గడ్డలు, రాళ్లల్ల. బాయి లేదు, మోటరు లేదు. ఆ మొరంలకెల్లే ఇంటిల్లిపాదికి తిండి రావాలె.

గందుకే మా అత్త ఒక్క పంట ఏసేది కాదు. మిరుగం వాన పడంగనే గొర్రు కట్టేది. తోలేది మొగోళ్లు, జడ్డిగం పట్టి గింజ ఇడిసేది ఆడోళ్లు. నాలుగు సాళ్లు జొన్న, ఒక సాలు కంది. జొన్నలల్లనే పెసర్లు, మినుములు, అనుములు, బొబ్బర్లు. నడుమ నడుమ నువ్వులు, పుండి. ఒక మూలకు కొర్రలు, సజ్జలు, తైదలు. గట్ల మీద ఆముదాలు. తొవ్వల పోయేటోడు చూస్తే అంతా గజిబిజి అనుకుంటడు. మా అత్తను అడిగితే ఏ సాలు దేనికో చెప్పేది: జొన్నలు రొట్టెకు, చొప్ప ఎడ్లకు, కంది కట్టె పొయ్యిలకు, నువ్వులు అమ్మితే ఉప్పు, మిరపకాయలు, ఏడాదికో చీర.

పెసర రెండు నెలలకే చేతికొస్తది. గది చిన్న ముచ్చట కాదు. శ్రావణం, భాద్రపదం అంటే మాకు ఆకలి నెలలు. పోయినేటి జొన్నలు గుమ్మిల అడుగంటుతయి, కొత్త జొన్న ఇంక ఎన్ను తియ్యదు. అప్పుడు పచ్చి పెసరకాయ పిల్లల కడుపు నింపేది. దాని ఎన్క మినుములు, కొర్రలు, సజ్జలు. దసరా దాటినంక జొన్న. సంక్రాంతి దిక్కు కంది. ఆకలికి ఒక్క తారీకు ఉండదు గద, పంటకు మాత్రం ఒక్కటే తారీకు ఎందుకుండాలె?

జొన్న ఏరు పైపైననే పారుతది, కంది ఏరు కిందికి దిగుతది. వాన ఎగ్గొట్టి జొన్న వాడిపోయినా కంది నిలవడేది. కందికి, పెసరకు, అనుముకు ఏర్లకు చిన్న చిన్న బుడిపెలుంటయి, గాలిల ఉన్న నత్రజనిని పట్టి భూమికిస్తయని ఎన్కశీరి వచ్చిన ఆడోళ్ల సంఘపోళ్లు చెప్పినంక నాకు తెలిసింది. మా అత్తకు నత్రజని తెల్వది. కంది ఆకు రాలిన జాగల మరుసటేడు జొన్న బలంగ వస్తదని తెలుసు. ఇగ యాసంగి అయినంక గొర్లోళ్లను పిలిచి చేన్ల మంద పెట్టించేది. రాత్రిపూట గొర్లు పండుకున్న జాగల ఏరే ఎరువు అక్కెరలేదు. వాళ్లకు గింజలు కొలిచి ఇచ్చేటోళ్లం.

కలుపంటరా? మాకు కలుపంటే సగం కూరనే. గంగవాయిలి, తుమ్మికూర, చెంచలి, పొన్నగంటి, గునుగు. ఎవరి చేన్ల కూలికి పోయినా పొద్దుమీకి ఒడిల కూర లేకుండ ఇంటికి రాకపోతుండె. ఎవ్వరూ ఇత్తింది లేదు, పైస పెట్టింది లేదు. ఇప్పుడు కలుపు మందు కొట్టిన చేన్లకు పొయ్యి చూడు, ఒక్క పుల్ల దొరకది. దాన్ని శుభ్రం అంటున్నరు.

రేగడి ఉన్నోళ్లకు ఇంకో పంట. హస్త, చిత్త కార్తెలల్ల తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసె ఏసెటోళ్లు. మళ్ల వాన సుక్క రాకున్నా భూమిల ఉన్న పదునుతోని, మంచుతోని పండుతయి. వీటికి మా దిక్కు సత్యం పంటలని పేరు. చేను చుట్టూత కుసుమ ఏస్తే ముండ్లకు గొడ్డు దగ్గరికి రాదు, కంచె కర్సు మిగులుతది, నూనెకు గింజ వస్తది. ఎల్లమాస పండుగ నాడు అందరం చేన్లకే పొయ్యి బజ్జి, రొట్టె తినేది. గదైతే ఇప్పటికీ నడుస్తుంది. ఉద్యోగాలు చేసెటోళ్లు కూడ సెలవు పెట్టుకొని వస్తున్నరు. అట్లనే శూన్యం పండుగ. జొన్న పొట్టకొచ్చినప్పుడు చేనును కడుపుతోని ఉన్న ఆడిబిడ్డ లెక్క చూసి నైవేద్యం పెట్టేది.

ఇగ అసలు ముచ్చట ఇత్తుల బుట్టది. కోతకు ముందే మా అత్త చేనంత తిరిగేది. బలమున్న కంకి, పురుగు పడని కంకి, నిలువు చేన్లనే ఏరి పక్కకు తీసేది. కల్లంల పడ్డంక ఏరితే ఏది ఏ చెట్టుదో ఏం తెలుస్తది? తీసిన గింజను మంచిగ ఎండబెట్టి, బూడిద, ఏపాకు కలిపేది. కందులకు ఎర్రమన్ను పట్టిచ్చేది. ఎదురు బుట్టకు పేడ, మన్ను అలికి ఆరబెట్టి, గింజ పోసి, మూతి మళ్ల అలికి మూసేది. మళ్ల ఏరువాక దాక దాని మూత తియ్యొద్దు. మామ తియ్యొద్దు, కొడుకు తియ్యొద్దు. పొలం పట్టా మామ పేరు మీద, కాని ఈ ఏడు ఏమెయ్యాలో చెప్పేది బుట్ట ఎవరి చేతిల ఉంటే వాళ్లే.

1972ల కరువొచ్చింది. నా పెద్ద బిడ్డ అప్పుడు చంకల పిల్ల. గుమ్మి దులిపి దులిపి వండినం. దొర ఇంటికి నాగుకు, అంటే గింజల అప్పుకు పోతే బస్తకు బస్తన్నర కట్టాలె, గది కూడ అందరికీ ఇయ్యలే. ఇంట్ల అలికిన బుట్ట అట్లనే ఉంది. మా అత్త దాని పక్కకే పండుకున్నది గని మూత తియ్యలేదు. మరుసటేడు మా ఇంట్లకెల్లే వాడకట్టంతా ఇత్తనం తీసుకపోయిన్రు, పదిమంది ఆమెను మొక్కిన్రు. నాకైతే ఇప్పటికీ ఆమె మీద సగం కోపమే ఉన్నది. పిల్ల ఏడుస్తుంటే ఏ ఇత్తనమైతే ఏంది? పాత కాలం బంగారమని మీ టీవీలల్ల చెప్తరు చూడు, వాళ్లకు గా రాత్రుల సంగతి తెల్వది.

బుట్ట ఎట్ల ఖాళీ అయిందంటే, ఒక్కనాడు కాలేదు. ముందుగాల హైబ్రిడ్ జొన్న వచ్చింది. దిగుబడి మంచిగనే వచ్చేది. అయితే అది పొట్టిది, చొప్ప తక్కువ, ఎడ్లకు ఏం ఎయ్యాలె? జల్ది కంకేస్తది కాబట్టి వానలల్లనే గింజ పడి బూజు పట్టేది. నల్లటి రొట్టె. గింజ దాచి మళ్ల ఏస్తే అదే తీరు రాదు, ఏటేట కొనాలె.

ఆ ఎన్క 1983ల ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చిండు. నేనైతే తప్పు పట్ట. పండుగ నాడు తినే తెల్లన్నం దినాం దొరికింది, ఆకలి నెలలు జర తేలికైనయి. కాని ఇంట్ల బియ్యం ఉడుకుతుంటే జొన్న దంచేదెవరు? తినని పంటను ఏసేదెవరు? మొరం భూములు బీడు పడ్డయి. నీళ్లున్నోళ్లు అల్లం, ఆలుగడ్డ, చెరుకు అందుకున్నరు. లేనోళ్లు వాళ్ల దగ్గరకే కూలికి.

ఒక బ్యాంకుకు అప్పుకు పోయిన ముచ్చట చెప్త, నవ్వుకుంటరు. ఏం పంట ఏస్తవమ్మా అని అడిగిండు సారు. జొన్న, కంది, పెసర, అనుము అని నేను చెప్పుకుంట పోతున్న. ఒక్కటి చెప్పు అంటడు. ఒక్కటి ఎయ్య సారు అన్న. ఆయన కాయితంల ఒక్క పేరు రాసెటంత జాగనే ఉన్నది. రాయలేదు, అప్పు రాలేదు. ఆయన చెడ్డోడేం కాదు, చాయ్ కూడ తాగిచ్చిండు.

ఇగ ఇత్తనం దుకాన్లకు పోయింది. దుకాన్ల మాట్లాడేది మొగోళ్లు. ఏమెయ్యాలో దుకాన్‌దారు చెప్తడు, అప్పు మీద సంచి ఇస్తడు, మందు డబ్బా కూడ అంటగడతడు. మేం జడ్డిగం పట్టినా అందుల గింజ మాది కాదు. ఇంట్ల మమ్మల్ని అడిగెటోళ్లు లేకపోయిన్రు. మందు ఎరువుతోని భూమి చెడ్డదని మీరంటరు గని, నన్నడిగితే ముందు చెడ్డది గిది.

మళ్ల సంఘాలొచ్చినయి. పస్తాపూర్‌ల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983ల మొదలైంది. దాన్ల సతీష్ సారు ఉండె, పి.వి. సతీష్. దూరదర్శన్‌ల పనిచేసి వచ్చిన మనిషి. 2023 మార్చిల పోయిండు. ఆ సొసైటీ పనిల నాకు నచ్చింది జొన్నల ముచ్చట. బీడు భూములు దున్నుకోనికి సాయం చేసి, తిరిగి పైసలు కట్టుమనకుండ జొన్నలు కట్టుమన్నరు. ఆ జొన్నలు ఊర్లనే దాచి, ఆకలి నెలలల్ల లేనోళ్లకు తక్కువ ధరకు ఇచ్చుడు. రేషను దుకాణం మన ఊరి గింజతోని ఎందుకు నడవకూడదు అని. ఎవరు లేనోళ్లో ఊరోళ్లే కూసోని తేల్చేది. ఇత్తనం కూడ గంతే, ఒక పాలు తీసుకపోతే రెండు పాళ్లు తేవాలె. ఇంటింటికి తిరిగి, ఎవరి బుట్టల ఏ గింజ మిగిలిందో ఏరినం. కొన్ని పాత రకాలు ఒక్క ముసలవ్వ దగ్గర్నే దొరికినయి.

నీ పర్మాకల్చర్ కూడ అప్పుడే వచ్చింది పిల్లా. ఆస్ట్రేలియాల బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ 1978ల దాని మీద పుస్తకం రాసిన్రట. మాలిసన్ 1987ల మన దేశానికొచ్చి పాఠం చెప్పిండు. సొసైటీ వాళ్లు పస్తాపూర్‌ల తోట పెట్టిన్రు. ఎన్కశీరి అరణ్య సంస్థ నర్సన్న, పద్మమ్మ బిడకన్నెల బంజరును పట్టుకొని చెట్లు పెంచిన్రు. 2017ల దేశదేశాల పర్మాకల్చరోళ్లు హైదరాబాద్‌ల, బిడకన్నెల కూడిన్రు.

పర్మాకల్చరోళ్ల దగ్గర మాకు కొత్తగ తెలిసింది నీళ్ల సంగతి. వాలుకు అడ్డంగ, ఒక్క మట్టం చూసి కట్ట పోసి, కట్టకు పైదిక్కు కాలువ తవ్వుడు. ఉరికెడి నీళ్లు ఆడ ఆగి లోపలికి ఇంకుతయి, మట్టి కొట్టుకపోదు. కట్ట మీద గిరిపుష్పం పెట్టి, కొమ్మలు నరికి ఆకు చేన్లనే ఏసుడు. ఇంటికి దగ్గర ఏముండాలె, దూరం ఏముండాలె అని గీత గీసుకొని నాటుడు. బోళ్లు తోమిన నీళ్లు అరటికి, గోడ మీదికి బీర, సొర, కాకర పాకిచ్చుడు అయితే మా అమ్మ కూడ చేసింది. చెట్లు మాత్రం మేం గింత పెట్టలే. వాళ్లు చెప్పినంకనే పెట్టినం.

ఇప్పుడు సంక్రాంతి నుంచి పాత పంటల జాతర తిరుగుతది, బండ్లు సింగారించి, కుండలల్ల ఇత్తులు పెట్టి, ఊరూరు తిరిగి మాచ్‌నూర్‌ల ముగుస్తది. 2008ల మాచ్‌నూర్‌ల సంఘం రేడియో కూడ పెట్టిన్రు, మన ఆడోళ్లే మాట్లాడుతరు. జాతర నాడు చప్పట్లు కొట్టి పోయినోళ్లు మస్తు మంది. ఇంటికి పోయి జొన్న తిన్నోళ్లు ఎందరో నాకు అనుమానమే. తింటేనే ఏస్తరు, ఎవరు ఏం చెప్పినా.

ఇగ పిల్లా, నీ డాబ మీద పెంచుతనంటున్నవు. ముందుగాల నీ ఇంట్ల ఏం తింటరో రాసుకో, ఎనకశీరి కుండీలు కొను. పుండికూర బకిట్ల కూడ అయితది. గంగవాయిలి నువ్వు వద్దన్నా వస్తది. అనుము తీగకు పందిరి కావాలె, ఇడిస్తే పక్కింటోళ్ల డాబ ఎక్కుతది, కొట్లాటైతే నన్ను పిలువకు. కందికి లోతు కావాలె, కుండీల ఏసి రాలేదని నన్ను తిట్టకు. మిరుగం జూన్ 7, 8 తారీకుల దిక్కు వస్తది, వాన పడకుండ తొందరపడకు. ఒక్కో రకం ఒక్క పిడికెడు ఇస్త. మనుమరాలివైనా లెక్క లెక్కనే, వచ్చేడు రెండు పిడికిళ్లు తేవాలె. పేపర్ల కట్టుకో, ప్లాస్టిక్ సంచిల ఏస్తే చెమ్మపట్టి మొలకెత్తది.

ఓరి పోరడా, ఏం నమలుతున్నవు? బొబ్బర్లా? ఉమ్మెయ్యిరా, అవి తిననీకి కాదు. ఏపాకు చేదు తగిలిందా? తగలనీ.