గ్లూకోజ్ సి విటమిన్‌గా మారిన కథ

1932లో ఒక పెద్ద చిక్కుముడి వీడింది. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ అంతకు నాలుగేళ్ల ముందు వేరుచేసిన ఆమ్లమే స్కర్వీ జబ్బును ఆపే సి విటమిన్ అని రుజువైంది. ఆ తర్వాత ఆయన దాన్ని పాప్రికా మిరపకాయల నుంచి పెద్ద మొత్తంలో తీశారు. కానీ కాయల నుంచి తీసే మందు ఎందరికి సరిపోతుంది? ప్రయోగశాలలోనే తయారుచేయాలి.

ఆ అణువులో నాలుగు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి వలయంగా ఏర్పడి ఉంటాయి. ఇలా కార్బన్లతో పాటు వేరే మూలకం కూడా వలయంలో చేరితే దాన్ని హెటెరోసైక్లిక్ సమ్మేళనం అంటారు. 1933లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో హావర్త్, హిర్స్ట్ బృందం, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో టాడ్యూష్ రైక్‌స్టైన్ బృందం దాదాపు ఒకేసారి దీన్ని తయారుచేశాయి. అయితే రెండు దారులూ అరుదైన చక్కెరలతోనే మొదలయ్యాయి. ఆ ఖర్చుకు మందు ఎవరికీ అందదు.

రైక్‌స్టైన్ దృష్టి చవకగా దొరికే గ్లూకోజ్ మీద పడింది. గ్లూకోజ్‌కు హైడ్రోజన్ జోడిస్తే సార్బిటాల్ వస్తుంది. అసలు కష్టం ఆ తర్వాతే. సార్బిటాల్‌లో ఆరు హైడ్రాక్సిల్ సమూహాలున్నాయి. అందులో ఒక్కదాన్నే ఆక్సీకరించి సార్బోజ్ చేయాలి. మామూలు రసాయనాలకు అంత ఎంపిక తెలియదు. ఆ పని చేసే బ్యాక్టీరియా ఉందని ఫ్రెంచి శాస్త్రవేత్త గాబ్రియెల్ బెర్ట్రాండ్ 19వ శతాబ్దం చివర్లోనే చూపించారు.

తెప్పించిన బ్యాక్టీరియాతో ఫలితం రాకపోవడంతో రైక్‌స్టైన్ బెర్ట్రాండ్ పద్ధతినే పట్టుకున్నారు. సార్బిటాల్, ఈస్ట్ రసం, కాస్త వెనిగర్ కలిపి గ్లాసుల్లో పోసి ఆరుబయట పెట్టారు. పులిసిన వాసనకు పండ్ల ఈగలు వచ్చాయి, వాటితో బ్యాక్టీరియా వచ్చింది. వారాంతం గడిచి చూస్తే కొన్ని గ్లాసుల్లో సార్బోజ్ స్ఫటికాలు కట్టాయి. మునిగి చనిపోయిన ఒక ఈగ కాలి మీద కూడా స్ఫటికాలు కనిపించాయని ఆయన తర్వాత చెప్పారు.

మిగిలిన దారి రసాయన శాస్త్రానిది. సార్బోజ్‌కు అసిటోన్ కలిపితే, ఆక్సీకరణ చెందకూడని సమూహాలకు మూతలు పెట్టినట్టవుతుంది. ఒక చివరి సమూహమే బయట మిగులుతుంది. పొటాషియం పర్మాంగనేట్ దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. అసిటోన్‌ను తొలగించాక, ఆ ఆమ్లపు కార్బన్ తన గొలుసులోని నాలుగో కార్బన్ దగ్గరున్న ఆక్సిజన్‌తో కలిసి వలయం మూసుకుంటుంది. అదే ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే సి విటమిన్.

ఆండ్రియాస్ గ్రూస్నర్‌తో కలిసి రైక్‌స్టైన్ ఈ పద్ధతిని 1934లో ప్రచురించారు. బాసెల్‌లోని రోష్ కంపెనీ హక్కులు కొని, అదే ఏడాది రెడాక్సాన్ పేరుతో విటమిన్‌ను అమ్మకానికి తెచ్చింది. 1937లో హావర్త్‌కు, సెంట్ గ్యోర్గీకి నోబెల్ బహుమతులు దక్కాయి. రైక్‌స్టైన్‌కు 1950లో నోబెల్ వచ్చింది, కానీ అది అడ్రినల్ హార్మోన్ల పరిశోధనకు.

ఆ పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచానికి సి విటమిన్ అందించింది. తర్వాత చైనాలో రూపొందిన కొత్త పద్ధతి మరో దశను కూడా సూక్ష్మజీవులకే అప్పగించింది. తన శాస్త్రానికి చేతకాని పనిని గుర్తించి, అది చేతనైన జీవికి ఇవ్వడమే రైక్‌స్టైన్ గొప్పతనం. విటమిన్ మాత్ర సామాన్యుడికి అందే ధరకు దిగింది అందుకే.