పెరటి కోడి - పక్కింటి పొత్తు



పెరటికోళ్ల ముచ్చట రాగానే యేటికి యెన్ని గుడ్లు పెడుతుందని అడుగుతాం. యే దడి దాటుతుంది, యెవరి కళ్ళంలో పడుతుంది అని అడగం. తల్లాడ చుట్టుపక్కల మిర్చి పండించే వూళ్లలో ముందు అడగవలసింది అదే. ఆరబోసిన కాయల మీద నాలుగు కోళ్లు పడి చిందరవందర చేశాయంటే రెండిళ్ల నడుమ మాటలు ఆగిపోతాయి.

యీ తగువు కొత్తది కాదు. తన కోడీ కుంపటీ లేకపోతే వూరికి తెల్లవారదనుకొని అలిగి వెళ్లిపోయిన ముసలమ్మ కథ మనకు తెలిసిందే. ఆమెను చూచి నవ్వుతాం గాని, వూరితో చెడింది కోడి దగ్గరే గదా! పల్నాటి కథ యింకా పెద్దది. 12వ శతాబ్దంలో గురజాల, మాచర్ల వారి నడుమ కోడిపందెం జరిగిందనీ, వోడిన మాచర్లవారు యేడేండ్లు వలసపోయారనీ, ఆ పగ కారంపూడి యుద్ధం దాకా నడిచిందనీ వీరగాథ చెబుతుంది.

ఆ పందెపు జాతే అసీలు. డేగ, కాకి, నెమలి అని రంగును బట్టి పిలుచుకుంటాం. పుంజు పోరుకే పుట్టింది. పక్కింటి పుంజు కంటబడితే ఆగదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం పందేలను నేరమన్నది. పుంజుకు చట్టమేం తెలుసు? అయితే పెట్టను తక్కువ చేయరాదు. గుడ్లు కొద్దివే గాని, పొదగటంలోనూ పిల్లల్ని గద్ద నుంచి కాయటంలోనూ దానికి సాటి తక్కువ.

రెండవ పంచవర్ష ప్రణాళిక కాలంలో, అంటే 1956-61 మధ్య, కోళ్ల అభివృద్ధికి ప్రభుత్వం పూనుకున్నది. తెల్ల లెగ్‌హారన్, ఎర్ర రోడ్ ఐలండ్ జాతులు పల్లెలకు వచ్చాయి. లెగ్‌హారన్ గుడ్లకు దిట్టే. కాని తెల్లటి పిట్ట గద్దకు దూరం నుంచే కనబడుతుంది, వొళ్లు తేలిక, బెదురు యెక్కువ, దడి దాని కొక లెక్క కాదు, పొదగదు కూడా.

1988లో హైదరాబాదు రాజేంద్రనగరులో కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ యేర్పడింది. పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ కోళ్లను రూపొందించింది అదే. వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికివస్తుంది. బరువైన పిట్ట గనుక పైకి యెగరటం తక్కువ. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు. నాటుకోడి యేటికి యాభై అరవై గుడ్లు పెడితే, మంచి మేపు వుంటే యిది నూటయాభై దాటుతుంది. వీటి పిల్లల్ని మొదటి అయిదారు వారాలు వెచ్చగా లోపల పెంచి, ఆ తర్వాతే విడవాలి. వీటి గుడ్లను పొదిగిస్తే వచ్చే పిల్లల్లో ఆ గుణం నిలవదు. కొత్త పిల్లల్నే తెచ్చుకోవాలి.

గుడ్లు తినటానికే అయితే పుంజు అక్కరలేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. యిరుకు వీధిలో తెల్లవారుజాము కూత తగువు అక్కడే తీరిపోతుంది. రంగుపిట్టలు నాటువాటిలో కలిసిపోతే యెవరిదెవరిదన్న పేచీ వస్తుంది; కాలికి గుడ్డపీలిక కడితే సరి. సాయంత్రం నూకలు గూటి దగ్గరే చల్లితే ఇల్లు మరవవు. మిర్చి ఆరే రోజుల్లో మాత్రం దొడ్లోనే మూసివుంచండి.

కొక్కెర తెగులుకు మాత్రం దడి అడ్డురాదు. మీ కోళ్లకు టీకా వేయించి పక్కింటివి వదిలేస్తే తెగులు వీధిలోనే తిరుగుతూ వుంటుంది. మొదటి వారంలో లసోటా చుక్కలు, యెనిమిదో వారంలో ఆర్‌టుబి సూది వేయించాలి. సూదిమందు సీసాలో వంద మోతాదులో, అంతకు మించో వుంటాయి. కలిపాక గంట రెండు గంటల్లో వాడెయ్యాలి. అయిదు కోళ్ల ఇంటికి సీసా కొనటం దండుగ. వీధివారంతా తలా కొంత వేసుకొని, కోళ్లు గూట్లో వుండగానే తెల్లవారుజామున అన్ని ఇళ్లకూ వొకేసారి వేయించండి.