గుండెపోటు తరువాత వృద్ధుల్లో కుంగుబాటు

గుండెపోటు నుంచి బయటపడినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన కుంగుబాటు, అంటే డిప్రెషన్, కనిపిస్తుంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో భయం, బెంగ సహజమే. దిగులు, దేనిమీదా మనసు నిలవకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే దాన్ని జబ్బుగానే చూడాలి. వృద్ధుల్లో ఇది తరచు దాగి ఉంటుంది. మనసు బాగాలేదని వాళ్లు చెప్పరు. నీరసమనీ, నిద్ర పట్టడం లేదనీ, అన్నం సయించడం లేదనీ చెబుతారు. వాటిని గుండె ఖాతాలోనో వయసు ఖాతాలోనో వేసేయడం ఇంట్లోవాళ్లకూ తేలికే, వైద్యులకూ తేలికే.

మాంట్రియల్‌లో 222 మంది రోగులను పరిశీలించిన నాన్సీ ఫ్రేజర్-స్మిత్ బృందం, కుంగుబాటు ఉన్నవారిలో ఆరు నెలల్లోపు మరణాలు గణనీయంగా ఎక్కువని 1993లో ప్రకటించింది. రక్తంలోని ప్లేట్‌లెట్లు త్వరగా గుమిగూడడం, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరగడం, వాపు ప్రక్రియలు ఎక్కువ కావడం దీనికి కారణాలు కావచ్చని భావిస్తారు. మందులు మానేయడం, నడక ఆపేయడం కూడా అంతే ముఖ్యమైన కారణాలు.

డెట్రాయిట్ శివారు నగరమైన నోవైలో ఈ సమస్యకు స్థానిక రూపం ఒకటుంది. కార్ల పరిశ్రమలో, ఐటీలో పనిచేసే పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామందికి ఇక్కడ కారు నడపడం రాదు. బస్సు సౌకర్యం అంతంత మాత్రం. నవంబరు నుంచి మార్చి దాకా మంచు. పిల్లలు పనికి వెళ్లాక పగలంతా ఒంటరితనమే. సందర్శక వీసాపై వచ్చినవారికి మెడికేర్, అంటే వృద్ధులకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఉండదు. సొంత ఉద్యోగ చరిత్ర లేని గ్రీన్‌కార్డుదారులు 65 ఏళ్లు నిండినా, సాధారణంగా అయిదేళ్లు వరుసగా నివసించాకే అందులో చేరగలరు. పిల్లలకు ఖర్చవుతోందన్న సంకోచం దిగులుకు తోడవుతుంది.

గుర్తించడానికి తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 పత్రం వాడతారు. 27లో 10, ఆపైన వస్తే పూర్తి పరీక్ష అవసరం. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. కొడుకు దుబాసీగా కూర్చున్నప్పుడు తండ్రి దానికి ఉన్నమాట చెప్పడం కష్టం. సమాఖ్య నిధులు పొందే ఆసుపత్రులు ఉచితంగా దుబాసీని ఇవ్వాలి కాబట్టి, అడిగి తీసుకోవడం మంచిది.

చికిత్స ఉంది. కుంగుబాటుకు వాడే సెర్ట్రలీన్ మందు గుండె రోగుల్లో సురక్షితమని 369 మందిపై జరిగి 2002లో వెలువడిన అధ్యయనం చూపింది. అయితే రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారిలో ఇలాంటి మందులతో రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. పాతరకం ట్రైసైక్లిక్ మందులు వీరికి తగవు. 2003లో వెలువడిన ఎన్‌రిచ్డ్ అధ్యయనంలో 2,481 మంది పాల్గొన్నారు. అందులో ఆలోచనా ధోరణిని సరిదిద్దే మాటల చికిత్స దిగులును తగ్గించింది, ఆయుష్షును మాత్రం పెంచలేదు. మనసు తేలికపడటమే చికిత్సకు చాలినంత కారణం.

మనోస్థైర్యం మందులతో మాత్రమే రాదు. గుండె పునరావాస కార్యక్రమం వ్యాయామంతోపాటు తోటి రోగుల సాంగత్యాన్నీ ఇస్తుంది. అర్హులకు మెడికేర్ సాధారణంగా 36 విడతల వరకు భరిస్తుంది. నోవైలోని శ్రీ వేంకటేశ్వర దేవాలయం వంటి చోట్లకు క్రమం తప్పకుండా వెళ్లి తెలుగులో నాలుగు మాటలు మాట్లాడుకోవడం, మనవలకు కథలు చెప్పడం, వంటలో ఒక పని తమదిగా పెట్టుకోవడం వంటివి చిన్నవిగా కనిపిస్తాయి గానీ ఒంటరితనాన్ని తగ్గిస్తాయి. అయినా ఇవి చికిత్సకు ప్రత్యామ్నాయాలు కావు. బతకాలని లేదన్న మాట వినిపిస్తే అమెరికాలో 988కి, భారతదేశంలో టెలీమానస్ 14416కి వెంటనే ఫోన్ చేయాలి.