మెట్టసీమలో మరల విద్య

నందిగామ, జగ్గయ్యపేట, మైలవరములు గల పూర్వపు కృష్ణాజిల్లా మెట్టసీమకు డెల్టా కాలువల భాగ్యము లేదు. బావులమీది ఆయిలింజనులును, హైదరాబాదు-విజయవాడ మార్గమున జగ్గయ్యపేట, నందిగామల మీదుగా సాగు లారీలును, తిరువూరునుండి మైలవరము మీదుగా ఇబ్రహీంపట్నము చేరు బస్సులును ఈ సీమకు యంత్రమును, యంత్రముతోపాటు దాని రోగములను గొనివచ్చినవి. ఆ రోగములలో మిక్కిలి సామాన్యమైనదియు, మేస్త్రి నేర్పునకు నిజమైన గీటురాయియు, బోల్టు మర చెడుటయే.

పానా చేతిలో నకస్మాత్తుగా తేలికయై, బోల్టు బిగియక యూరక తిరుగనారంభించినచో, రంధ్రములోని మర తెగినదని తెలియవలెను. పోత ఇనుమున నిది యరుదు. అల్యూమినియపు హెడ్డులలో తరచు. ఆ లోహము మెత్తనిది, బోల్టు ఉక్కుది. బలము హెచ్చైనచో ఓడునది మెత్తని లోహమే.

బలాధిక్యము కంటెను కొలతల సంకరము చేసిన హాని పెద్దది. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ నానా కర్మాగారముల బోల్టులను సేకరించి పరిశీలించి, 1841లో 55 డిగ్రీల కోణము గల మరను ప్రమాణముగా ప్రతిపాదించెను. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలని నిర్ణయించెను. ఐరోపా ఖండము మిల్లీమీటరును ఆశ్రయించెను. రెండవ ప్రపంచయుద్ధమున మిత్రరాజ్యముల నట్టులును బోల్టులును పరస్పరము పొసగక కలిగిన క్లేశమును తలచి, 1948లో అమెరికా, బ్రిటను, కెనడా దేశములు 60 డిగ్రీల ఉమ్మడి మరకు సమ్మతించినవి. మోరిస్ ఆక్స్‌ఫర్డునుండి జనించిన అంబాసిడరు అంగుళపు మరలతోను, 1954లో మొదలైన టాటా-మెర్సిడెస్ లారీ మిల్లీమీటరు మరలతోను మన దారులపై నడువగా, దేశదేశముల కొలతలన్నియు మన షెడ్డులలోని ఒకే డబ్బాలో కలిసిపోయినవి.

దీని ఫలమెట్టిదో చూడుడు. అంగుళమున పదునారింట ఐదు వంతుల బోల్టు వ్యాసము 7.94 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల బోల్టు ప్రక్కన నుంచిన కంటికి భేదము తోచదు. కాని మొదటిదాని సన్నమర యందు అంగుళమునకు 24 చుట్లు, అనగా చుట్టునకు 1.06 మిల్లీమీటర్ల యెడము. రెండవదానియందు సాధారణముగా 1.25. ఒకదాని రంధ్రమున మరియొకటి రెండు చుట్లు సుఖముగా తిరిగి, పిదప పట్టివేయును; అప్పుడు బలవంతపెట్టినవాడు మరను తన చేతులార తెంపినవాడగును.

తెగినదానిని నిలుపు మార్గములు మూడు. రంధ్రమును పెద్దదిగా తొలిచి, ట్యాపుతో కొత్త మర కోసి, పెద్ద బోల్టును వేయుట మొదటిది. లోపలను వెలుపలను మరలు గల బుష్షును లేతుపై చేయించి బిగించుట రెండవది. ఈ రెంటికిని లేతు పనివాని సాయము తరచు వలసియుండును. 1966లో విజయవాడలో జవహర్ ఆటోనగర్ వెలసిన పిమ్మట, మైలవరమువారికి ఆ సాయము చేరువలోనే లభించెను. మూడవది, యుద్ధకాలపు విమానపు ఇంజనులలో వాడుకకు వచ్చిన హెలికాయిలు: 8 మిల్లీమీటర్ల బోల్టు రంధ్రమును సుమారు 8.3 మిల్లీమీటర్లకు తొలిచి, దానికై చేసిన ట్యాపుతో మర కోసి, ఉక్కుతీగ చుట్టను లోనికి తిప్పి దింపుదురు. బోల్టు కొలత మారదు. ఉక్కుమర ఉక్కుబోల్టును పట్టును గనుక, బాగుచేసిన చోటు మొదటి అల్యూమినియము కంటె తరచు దృఢమగును.

తన కారు ఇంజనును తానే విప్పుకొను గృహస్థుడు మన మేస్త్రులనుండి నేర్వవలసినవి ఇవి. ప్రతి బోల్టును మొదట వ్రేళ్లతోనే తిప్పవలెను. వ్రేళ్లకు లొంగనిదానికి పానా తగిలింపరాదు. అనుమానము కలిగినచో మర గేజితో కొలువవలెను. డ్రిల్లు నిటారుగా పట్టి, ట్యాపునకు నూనె పోసి, అరచుట్టు ముందునకు తిప్పిన పిమ్మట పావుచుట్టు వెనుకకు తిప్పి, రజనును ఊడ్చి తీయవలెను. కొలువక బిగించుట శ్రమకు ద్రోహమని యెరిగిన మెట్టసీమ మేస్త్రులు పుస్తకము లేకయే ఈ శాస్త్రమును చేతితో నేర్చి శిష్యుల చేతులకు అందించిరి. ఆ జ్ఞానమును వ్రాతలో నిలుపుట యిప్పటి విద్యావంతుల విధి.