గడీలోకి చూసిన చిత్రకారుడు

నవల మీద నవలాకారుడి ముద్ర ఉన్నట్టే సినిమా మీద దర్శకుడి వ్యక్తిత్వం కనిపించాలని, సినిమాకు అసలు కర్త దర్శకుడేనని 1950లలో ఫ్రెంచి విమర్శకులు గట్టిగా వాదించారు. ఫ్రాన్స్వా త్రుఫో 1954లో ‘కయే ద్యు సినెమా’ పత్రికలో రాసిన వ్యాసంతో బలం పుంజుకున్న ఆ వాదానికే ‘ఓతర్’ సిద్ధాంతమని పేరు. కథానాయకుడి పేరు మీద టికెట్లు తెగే తెలుగు పరిశ్రమలో ఆ కొలతకు నిలబడే దర్శకులు కొద్దిమందే కాగా, వారిలో బి. నర్సింగరావుది ముందువరుస. ఆయన స్వస్థలం అప్పటి మెదక్ జిల్లా గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్ అయినా, సూర్యాపేట, మిర్యాలగూడలను పక్కనపెట్టి ఆయన సినిమాల చరిత్ర చెప్పడం సాధ్యం కాదు.

నర్సింగరావు పుట్టింది 1946 డిసెంబర్ 26న. అదే ఏడాది జులై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమురయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుళ్లకు బలి కావడంతో రైతాంగ ఉద్యమం సాయుధ పోరాటం వైపు మళ్లింది. నిజాం రాజ్యంలో శిస్తు వసూలు హక్కుతో బలిసి, గ్రామాలకు గ్రామాలను గుప్పిట పెట్టుకున్న భూస్వాములే దేశ్‌ముఖులు, దొరలు. ఎత్తయిన గోడల నడుమ వారు కట్టుకున్న భవంతి గడీ. కూలి ఇవ్వకుండా ఊరందరి చేత చేయించుకునే చాకిరీ వెట్టి. సూర్యాపేట తాలూకా ఎర్రపహాడ్ దొర జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబం చేతిలో లక్షన్నర ఎకరాలు ఉండేవని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు.

ఆ దొరను ఉద్దేశించి పోరాట కార్యకర్త బండి యాదగిరి కట్టినదిగా చెప్పే పాటే, పల్లెల్లో నోటినోటా మారి, నిజాం సర్కారునే నిలదీసే రూపంలో, 1979లో తయారైన ‘మా భూమి’ సినిమాలోకి గద్దర్ గొంతుతో ప్రవేశించింది. గద్దర్‌తో నర్సింగరావు స్నేహం అంతకు చాలా ముందే మొదలైంది. 1970ల తొలినాళ్లలో నర్సింగరావు నడిపిన ‘ఆర్ట్ లవర్స్’ బృందమే తరువాత జన నాట్యమండలిగా రూపుదాల్చింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా నిర్మించిన ‘మా భూమి’కి నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు, చిత్రానువాదంలోనూ భాగస్వామి. దర్శకత్వం మాత్రం, అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండని బెంగాలీ యువకుడు గౌతమ్ ఘోష్‌ది. కథానాయకుడు రామయ్య పాత్రను త్రిపురనేని గోపీచంద్ కుమారుడు సాయిచంద్ ధరించారు. ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ ‘ది రివర్’ చిత్రం కోసం కలకత్తాకు వచ్చినప్పుడు ఆయన వెంట తిరిగిన సత్యజిత్ రాయ్ సినిమాను స్టూడియో గోడల నుంచి ఊళ్లోకి తీసుకువచ్చిన దారిలోనే ఘోష్ తరం నడిచింది గనుక, ఆ గాలి తెలంగాణ పల్లెను తాకడం వింతేమీ కాదు.

నర్సింగరావు స్వయంగా దర్శకత్వం వహించి, చిత్రకారుడి పాత్రలో నటించిన ‘రంగుల కల’ 1983లో వచ్చి, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. ఆయనా చిత్రకారుడే కావడంతో, బొమ్మ అమ్ముకుని బతకాల్సిన కళాకారుడి ఇరకాటం ఆ సినిమాలో లోపలి నుంచి కనిపిస్తుంది. అయితే ఆయన ప్రతిభకు నిజమైన గీటురాయి 1988 నాటి ‘దాసి’.

దొరల ఇళ్లలో ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు సారెతోపాటు సేవకు మరో పిల్లను కూడా పంపేవారు. ఆడబాప అని పిలిచిన ఆ పిల్లకు పెళ్లీ ఉండదు, తనదనుకునే ఇల్లూ ఉండదు. గడీలో పగటి చాకిరీ ఎంత తప్పనిదో, రాత్రి దొర పిలుపు కూడా అంతే తప్పనిది. అలాంటి కమలాక్షి కథే ‘దాసి’. ఆమె ఊడ్వడం, నీళ్లు మోయడం, దొరసానికి ఊడిగం చేయడం కెమెరా తొందర లేకుండా చూస్తూ పోతుంది. చివరికి ఆమె కడుపులో పడిన బిడ్డను కూడా గడీ బతకనివ్వదు. ‘మా భూమి’లో జనం తిరగబడతారు గానీ, ‘దాసి’లో ఆదుకునే వారెవరూ రారు. నల్లగొండ పల్లెలు తుపాకీ ఎందుకు పట్టాయో తెలియాలంటే ముందుగా చూడవలసింది ‘దాసి’నే. ఎందుకంటే పోరాటాన్ని చూపడం కంటే, పోరాటం ఊహకైనా అందని మనిషి ఒక్క రోజును చూపడం కష్టం.

ఆ కష్టాన్ని గెలిచింది చిత్రకారుల చూపు. కళాదర్శకుడు తోట వైకుంఠం తెలంగాణ స్త్రీల బొమ్మలతో దేశమంతటా పేరు పొందిన చిత్రకారుడు కాగా, దుస్తుల రూపకర్త సుదర్శన్ మిర్యాలగూడకు చెందిన చిత్రకళా ఉపాధ్యాయుడు. పాతకాలపు కథలో దుస్తుల పని ఎంత నాజూకైనదంటే, కొత్త చీర ఎంత పాత పద్ధతిలో కట్టినా తెర మీద కొత్తగానే మెరిసి కథను అబద్ధం చేస్తుంది. ఉతికి ఉతికి వెలిసిన రంగు, పనికి అడ్డు రాకుండా ఎగ్గట్టిన కుచ్చెళ్లు, నానిన అంచు కనిపిస్తేనే ఆ ఒంటి మీది చాకిరీని ప్రేక్షకుడు నమ్ముతాడు. 36వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ‘దాసి’ ఉత్తమ తెలుగు చిత్రంగా నిలవడమే కాక, నటి అర్చనకు, ఛాయాగ్రాహకుడు ఎ.కె. బీర్‌కు, వైకుంఠానికి, సుదర్శన్‌కు కూడా పురస్కారాలు దక్కాయి. అర్చన అంతకు ముందు ఏడాదే తమిళ ‘వీడు’కు అదే గౌరవం పొందారు. సుదర్శన్ 2024లో కన్నుమూసే వరకు మిర్యాలగూడ ప్రాంతం ఆయనను ‘దాసి’ సుదర్శన్ అనే పిలిచింది.

1990లో వచ్చిన ‘మట్టి మనుషులు’లో నర్సింగరావు చూపు గడీని దాటి హైదరాబాదు చేరింది. వెట్టి పోయినా పొలం దక్కని కుటుంబాలు పొట్ట చేత పట్టుకుని వచ్చి, నగరంలో ఇటుకలు మోసి ఇతరుల ఇళ్లు కడతాయి. అర్చనే మళ్లీ ప్రధాన పాత్ర ధరించిన ఈ చిత్రం కూడా ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. భూమి కోసం రక్తం ధారపోసిన జిల్లాల నుంచే నలభై ఏళ్ల తరువాత జనం భూమిని వదిలి వలసపోవడాన్ని తెలుగు తెర మీద అంత సూటిగా నిలిపిన చిత్రం ఇంకొకటి రాలేదు.